1994 మోడల్ డీజిల్ ట్రాక్టరు: పన్నెండేళ్ళు నడిపాక

2012లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. మూడు సిలిండర్లు, 35 హార్స్‌పవర్. కంపెనీ పేరు చెప్పను. చెబితే బెంగళూరు దగ్గర మా సర్జాపురం పక్క ఎర్రబండి గొప్పా నీలంబండి గొప్పా అని తగవు మొదలవుతుంది.

ఇన్నేళ్ళలో బండి నన్ను నడిమధ్యలో నిలబెట్టింది రెండుసార్లే. రెండూ నా నిర్వాకమే.

మొదటిది డ్రమ్ములో నిలవ ఉన్న డీజిల్. అడుగున చేరిన నీళ్ళతో సహా ట్యాంకులో పోసేశాను. ఇంజిన్‌లోకి డీజిల్ కొట్టే పంపు నా బండిలో రోటరీ రకం. దానికి వేరే ఆయిల్ ఉండదు, డీజిలే ఆయిల్. నీళ్ళు దిగితే లోపల తుప్పు, గీతలు. ఆ ఏడాది రాగుల్లో మిగిలింది పంపు రిపేరుకు సరిపోయింది.

రెండోది ఇంకా సిగ్గుచేటు. 2024 ఎండాకాలం బెంగళూరు నీళ్ళకు అల్లాడుతుంటే అపార్ట్‌మెంట్లకు ట్యాంకరు లాగాను. పొద్దున్నే డిప్‌స్టిక్, అంటే ఇంజిన్ ఆయిల్ మట్టం చూపే పుల్ల, తీసి చూసే అలవాటు నాకుంది. ఆయిల్ తగ్గకపోగా గీత దాటి పైకొస్తోంది! "మా బండి ఆయిల్ తాగదు, ఈనుతుంది" అని గొప్పలు పోయాను. వారానికి ట్రాఫిక్‌లో ఆయిల్ ప్రెషర్ ముల్లు కిందికి వాలింది. కుప్పం నుంచి వచ్చిన మెకానిక్ కుర్రాడు డిప్‌స్టిక్ తీసి మూచూసి, నా ముక్కు దగ్గర పెట్టాడు.

"ఇది ఆయిలా అన్నా? నువ్వే చెప్పు."

డీజిల్ వాసన. ట్యాంకు నుంచి డీజిల్ లాగే ఫీడ్ పంపులో డయాఫ్రం అనే పల్చటి పొర గోరంత చిరిగింది. అందులోంచి డీజిల్ కిందికి దిగి ఆయిల్‌ను పలచన చేసింది. ఇంకో నాలుగు రోజులు నడిపుంటే బేరింగులు పోయేవి. బెంగళూరు జె.సి. రోడ్డు విడిభాగాల కొట్ల నుంచి డయాఫ్రం తెప్పించాం, ఆయిల్, ఫిల్టరు మార్చాం. తర్వాత డీజిల్ పైపుల్లో చేరిన గాలి తీయడం. ఫిల్టరు మీది స్క్రూ వదులు చేసి ఫీడ్ పంపు లీవరును వేలితో ఆడిస్తుంటే ముందు నురగ, తర్వాత బుడగలు, చివరికి తేట డీజిల్. స్క్రూ బిగించి, నాజిల్ పైపుల నట్లు వదులు చేసి సెల్ఫ్ కొట్టాడు. పైపుల్లోంచి డీజిల్ చిమ్మగానే మళ్ళీ బిగించాడు. బండి అందుకుంది. రోడ్డు పక్కన రెండు స్పానర్లతో అయ్యే పని. ఒకసారి అంటుకుంటే ఈ ఇంజిన్‌కు కరెంటుతో పనే లేదు, బ్యాటరీ స్టార్టింగు వరకే.

సుఖం మాత్రం అడగొద్దు. పవర్ స్టీరింగ్ లేదు. లిఫ్టుతో నాగలి ఎత్తి టీకి వెళ్ళొస్తే అది నేల మీద ఉంటుంది. ఇరుసు సీలు కారి బ్రేకుల్లోకి ఆయిల్ చేరితే ఆగడం దేవుడి దయ. సర్జాపురం రోడ్డు ట్రాఫిక్‌లో క్లచ్ ప్లేటు రెండేళ్ళు కూడా రాలేదు.

పాతది కొనేవాళ్ళు విడి సామాను సంగతి ముందే కనుక్కోండి. బెంగళూరు వాళ్ళకు హెచ్‌ఎమ్‌టీ అంటే గడియారాలే గానీ, హర్యానా పింజోర్‌లో 1971 నుంచి దాని ట్రాక్టర్లూ తయారయ్యాయి. 2016లో కేంద్రం ఆ విభాగం మూసేయాలని తేల్చింది. బండి బాగుంటే చాలదు, దాని సామాను అమ్మే కొట్టూ ఉండాలి.

బేరానికి పోయినప్పుడు ఇంజిన్ చల్లగా ఉండగానే స్టార్ట్ చేయించండి. ఆయిల్ పోసే మూత తీసి పొగ ఏమాత్రం ఎగదన్నుతోందో చూడండి. డిప్‌స్టిక్ కూడా మూచూడండి, అమ్మేవాడు నవ్వితే నవ్వనీండి.