ఇంటిపేరా, ఊరిపేరా, పెట్టుడు పేరా: యూజర్‌నేమ్‌కి ఏది మేలు?

అమలాపురం కుర్రాడు తన యూజర్‌నేమ్‌లో ‘ఈస్ట్ గోదావరి’ అని చేర్చుకుంటే 2022 ఏప్రిల్ 4 దాకా తప్పేం లేదు. ఆ రోజు కొత్త జిల్లాలు వచ్చాయి, అమలాపురం కోనసీమ జిల్లాకి కేంద్రమైంది. కుర్రాడు ఉన్నచోటే ఉన్నాడు, పేరు మాత్రం పక్క జిల్లాదైపోయింది.

ఊరిపేరుతో ఇంకో తంటా స్పెల్లింగు. రాజమండ్రి 2015లో అధికారికంగా రాజమహేంద్రవరం అయింది. ఇంగ్లిషులో రాస్తే 17 అక్షరాలు. ఎక్స్‌లో (పాత ట్విట్టర్) యూజర్‌నేమ్‌కి 15 మించకూడదు. ఊరికే చోటు చాలకపోతే ఇక మనిషి పేరెక్కడ పెడతాం? పాత స్పెల్లింగుకి 11 చాలు, నాలుగు మిగులుతాయి. కోనసీమ తొమ్మిదిలో సరిపోతుంది గానీ ‘సీ’కి ‘ఇ’ రెండుసార్లా, ‘ఐ’ ఒక్కసారా అని ప్రతిసారీ ఫోన్లో విడమరచి చెప్పాలి. నరసాపురాన్ని నర్సాపూర్ అని రాస్తే మెదక్ జిల్లావాళ్లేమో అనుకుంటారు. ‘గోదారోడు’, ‘కోనసీమ కుర్రోడు’ లాంటివి ఎప్పుడో ఎవరో పట్టుకుపోయారు. ఇప్పుడు కావాలంటే వెనక అంకెల తోక తగిలించుకోవాల్సిందే.

అమ్మకానికైతే మాత్రం ఊరిపేరుకే నా ఓటు. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ ఊళ్లో చేసి అమ్మేవాళ్లకి ఊరే సగం పెట్టుబడి. 11 అక్షరాలు ఊరికి పోగా మిగిలిన నాలుగింటిలో ఇంటి గుర్తేదైనా ఇరికించుకోవచ్చు. ఇన్‌స్టాగ్రామ్‌లో 30 దాకా వీలుంది కాబట్టి అక్కడ ఇబ్బంది లేదు. అయినా రెండుచోట్లా ఒకటే పేరు ఉండాలంటే లెక్క 15కే కట్టుకోండి.

ఇంటిపేరు, సొంతపేరు కలిపి పెట్టుకోవడం ఉద్యోగం దరఖాస్తుకి, మెయిలుకి బాగుంటుంది. సర్టిఫికెట్టుతో సరిపోతుంది, నమ్మకంగా కనిపిస్తుంది. కానీ అన్నవరం దేవుడి పేరున్న ఇళ్లలో వెంకట సత్యనారాయణ అని మొత్తం రాస్తేనే 20 అక్షరాలు, ఇంటిపేరు ఇంకా మొదలే కాలేదు. పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకునే ఆడపిల్లలకి పాత ఖాతా పుట్టింట్లోనే ఉండిపోతుంది. పైగా ఇంటిపేరు చూడగానే ‘మీరు ఫలానావాళ్లాండీ?’ అని ఊరూ కులం ఆరా తీసేవాళ్లు మన దగ్గర తక్కువేం కాదు. అభిప్రాయాలు గట్టిగా చెప్పే ఖాతాకి ఇది పనికిరాదు. అన్నిటికన్నా చెడ్డది ఇంటిపేరు, ఊరు, పుట్టిన సంవత్సరం మూడూ కలిపి కట్టే పేరు. పాస్‌వర్డు మర్చిపోతే అడిగే ప్రశ్నలకి సగం జవాబులు అందులోనే దొరుకుతాయి.

మూడోది పెట్టుడు పేరు. నరసాపురంలో పుట్టిన సత్తిరాజు లక్ష్మీనారాయణ బొమ్మల కింద ‘బాపు’ అని రెండక్షరాలే గీశారు, ఆ పొట్టిదే నిలిచింది. దీన్ని ఊరు మారినా, పెళ్లయినా, ఉద్యోగం మారినా మార్చాల్సిన పని లేదు. మనిషి ఖాతాకి, ముఖ్యంగా ముక్కూమొహం తెలియనివాళ్లతో మాట్లాడే ఖాతాకి, ఇదే మేలు. అయితే ఏరేది జాగ్రత్తగా ఏరాలి. గౌతమి, వశిష్ఠ నదీపాయలే అయినా మనుషుల పేర్లు కూడా, ఖాళీగా దొరకవు. ‘లంక’ అంటే మనకి ఏటి మధ్య మెరక, బయటివాళ్లకి కొలంబో. రేవు దాటించే ‘పంటు’ని ఇంగ్లిషులో రాస్తే క్రికెటర్ గుర్తొస్తాడు. ‘ఏటిగట్టు’ అందంగా ఉంది గానీ మొదటి అక్షరం ‘ఇ’నా ‘వై’నా అన్న తగువు తెగదు.

ఏది ఎంచుకున్నా ముందు ఫోన్లో ఒకరికి ఒక్కసారే చెప్పి, రాసి పంపమనండి. తప్పు రాశారంటే ఆ పేరు వదిలేయండి. అండర్‌స్కోర్ నోటితో చెప్పడం కష్టం, జీమెయిల్‌లో అసలు కుదరదు. చుక్క సంగతి ఇంకో రకం: జీమెయిల్ దాన్ని లెక్కలోకి తీసుకోదు, ఇన్‌స్టాగ్రామ్ తీసుకుంటుంది, ఎక్స్ ఒప్పుకోదు. అందుకే రెండూ లేని పేరు సుఖం. నచ్చింది ఖాళీగా ఉంటే వాడినా వాడకపోయినా మూడుచోట్లా ఒకే రోజు తీసి ఉంచండి. తరవాత మార్చుకోవచ్చులే అనుకోకండి. ఎక్స్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో వదిలేసిన పేరు ఇంకొకరు తీసుకోవచ్చు. అప్పుడు పూతరేకుల పెట్టెల మీద అచ్చయిన పాత పేరు కొట్టి చూసినవాళ్లు ఆ పేరు తీసుకున్నవాళ్ల కొట్టుకే పోతారు.