ఇంటి షెడ్డుకు కారు లిఫ్టు: టూ పోస్టా, సిజరా?

సొంత షెడ్డులో బండి పని తామే చేసుకునే విశాఖవాళ్ళు మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్న ఇది. రెండు పక్కల స్తంభాల నుంచి చాచిన చేతులతో బండిని లేపేది టూ పోస్టు, బండి కింద కత్తెరలా విచ్చుకుని లేపేది సిజర్. ఎన్ని టన్నులు లేపుతుంది, రేటెంత అన్నవి అందరూ చూస్తారు. గచ్చు కింద ఏముందో మాత్రం లిఫ్టు లారీ దిగాక ఆలోచిస్తారు. అసలు తేల్చేది అదే.

పని సుఖం టూ పోస్టులోనే ఉంది, అందులో వాదన లేదు. నాలుగు చక్రాలూ వేలాడతాయి, కింద అడ్డేమీ ఉండదు. క్లచ్ మార్చాలన్నా, గేరుబాక్సు దించాలన్నా దానికి సాటి లేదు. కాని బండి బరువు స్తంభం నెత్తిన నిలువుగా కూర్చోదు, చేతుల చివర వేలాడుతుంది. ఇన్నోవా లాంటి 1,800 కిలోల బండి ఎక్కితే ఒక్కో స్తంభానికి 900 కిలోలు. ఆ బరువు స్తంభానికి 60 సెంటీమీటర్లు లోపలగా పడిందనుకోండి, స్తంభం అడుగున ఉండే బేస్ ప్లేటు బయటి అంచు పైకి లేవాలని చూస్తుంది. 40 సెంటీమీటర్ల ప్లేటయితే ఆ వైపు బోల్టుల మీద సుమారు టన్ను లాగుడు. దాన్ని పట్టి ఉంచాల్సింది మీ గచ్చు.

మన ఇళ్ళ పార్కింగులో ఉండేదేమిటి? గ్రావెల్ నింపి, పైన మూడు నాలుగు అంగుళాల బెడ్డు కాంక్రీటు, ఆపైన మాలు, టైలు. టూ పోస్ట్ తయారీదారులు అడిగేది చాలావరకు 4 నుంచి 6 అంగుళాల గట్టి కాంక్రీటు, అదీ బలంలో ఎం20 - ఎం25 గ్రేడుది, 28 రోజులు క్యూరింగు అయినది. ఒక పాలు సిమెంటుకు నాలుగు ఇసుక, ఎనిమిది కంకర కలిపిన 1:4:8 బెడ్డులో యాంకరు బోల్టు బిగిస్తే మొదట పట్టినట్టే ఉంటుంది. తర్వాత పానా వేసిన ప్రతిసారీ కొంచెం తిరుగుతుంది, ప్లేటు చుట్టూ సన్నని పగులు కనిపిస్తుంది. ఆ పగులు చూశాక దాని మీద బండి ఎక్కించకండి.

పరీక్ష తేలిక. ఓ మూల 12 మి.మీ. బిట్టుతో రంధ్రం వెయ్యండి. బూడిదరంగు పొడి పోయి ఎర్రమట్టో ఇసుకో రాగానే ఆపి లోతు కొలవండి. టైలు, మాలు మందం తీసేయండి. మిగిలిందే లెక్క. మధురవాడ, కొమ్మాది వైపు కొండవాలు ప్లాట్లలో ఇంకో చిక్కుంది. ఒక పక్క తవ్విన గట్టినేల, మరో పక్క నింపుడు మట్టి. ఒక స్తంభం ఇక్కడ, రెండోది అక్కడ పడితే నింపిన వైపు కుంగి లిఫ్టు ఒరుగుతుంది. అందుకే రెండు విడి దిమ్మెలు కాకుండా ఒకే పలక పొయ్యాలి: 3.6 × 1.2 మీటర్లు, 30 సెంటీమీటర్ల మందం, పైనా కిందా 12 మి.మీ. కడ్డీల జాలీ. సుమారు 1.3 ఘనపు మీటర్ల కాంక్రీటు, ఎం20 అయితే దాదాపు పది పదకొండు బస్తాల సిమెంటు. అపార్టుమెంటు సెల్లారులో ఇవేవీ కుదరవు. అక్కడ గచ్చు కింద నీళ్ళ సంపు ఉండొచ్చు కూడా.

తర్వాత ఎత్తు. శ్లాబు పదడుగులుంటే 3.05 మీటర్లు. స్విఫ్టు ఎత్తు 1.53, అంటే మీటరున్నర లేపగానే టాపు శ్లాబును ముద్దాడుతుంది. దూలం ఉంటే ఇంకా ముందే. నిలబడి పనిచేసే ఎత్తు రానప్పుడు టూ పోస్టు కొని ఏం లాభం?

అందుకే కట్టేసిన ఇంటికి నా ఓటు మిడ్ రైజ్ (సగం ఎత్తుకు లేపే) సిజర్‌కే. బరువు వెడల్పాటి బేస్ మీద పరుచుకుంటుంది, లాగుడు ఉండదు. టూ పోస్టుకు కావాల్సినంత గట్టి గచ్చు చాలా మోడళ్ళకు అక్కర్లేదు. మీటరు నుంచి 1.2 మీటర్ల దాకా లేస్తుంది. బ్రేకులు, సస్పెన్షన్, టైర్లు, ఆయిలు మార్పు అన్నీ చక్రాల స్టూలు మీద కూర్చుని చేసుకోవచ్చు. లోపం ఒకటే: బండి నడుము కింద కత్తెర అడ్డం, గేరుబాక్సు పని కష్టం. బొలెరో, స్కార్పియో లాంటి ఛాసీ బళ్ళకు ఎత్తు ప్యాడ్లు విడిగా తీసుకోవాలి. గచ్చుకు సమంగా ఉండాలని గొయ్యి తీసి బిగించకండి. అక్టోబరు వానలకు నీళ్ళు నిలిచి సిలిండరు రాడ్డు తుప్పు పడుతుంది, గరుకెక్కిన రాడ్డు ఆయిలు కారకుండా ఆపే సీళ్ళను కోసేస్తుంది. సముద్రపు గాలికి లాసన్స్ బే వైపు ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. పని అయ్యాక పూర్తిగా దించి, రాడ్డు లోపలికి పోయేలా ఉంచండి.

నాలుగు స్తంభాల ఫోర్ పోస్టు లిఫ్టు, కార్లు ఒకదాని మీద ఒకటి పెట్టుకునేవాళ్ళకు. పదడుగుల శ్లాబు కింద అదీ పట్టదు. లిఫ్టుకు బదులు బండి కింద దిగి పనిచేసే సిమెంటు గొయ్యి వద్దు, పెట్రోలు ఆవిరి అడుగున చేరుతుంది.

ఖాళీ స్థలంలో రేకుల షెడ్డు కొత్తగా వేసుకునేవాళ్ళయితే మాట వేరు. పలక పోసి, 12 అడుగులకు తగ్గని ఎత్తు ఉంచుకుని టూ పోస్టే పెట్టుకోండి.

ఏది కొన్నా 2.2 కిలోవాట్ల సింగిల్ ఫేజ్ మోటారును మామూలు ప్లగ్గుకు తగిలించొద్దు. 4 చదరపు మి.మీ. రాగి తీగ, 25 ఆంపియర్ల సి రకం ఎంసీబీతో విడి లైను లాగించండి. లిఫ్టును నడిపే పవర్ యూనిట్‌కు చేతి పంపు ఉందో లేదో ముందే అడగండి. పైన పట్టి ఆపే లాకుల మీద కూర్చున్న బండిని దించాలంటే ముందు కొంచెం పైకి లేపాలి. తుపాను రోజున కరెంటు పోతే ఆ కొంచెం లేపేది చేతి పంపే.