ఐసొలేషన్ వార్డు డ్యూటీ: ఆరు గంటలా, పన్నెండు గంటలా?

2020 మార్చిలో ఆంధ్రప్రదేశ్‌లో తొలి కోవిడ్ కేసు నెల్లూరులో బయటపడినప్పటి నుంచి ఈ ప్రశ్న నలుగుతూనే ఉంది. కొత్త జ్వరం ఏదొచ్చినా ఒంగోలు, నెల్లూరు పెద్దాసుపత్రుల్లోనూ, కావలి, కందుకూరు లాంటి చోట్లా డ్యూటీ చార్టు వేసేవాళ్లు ముందు తేల్చుకోవలసింది ఇదే.

పన్నెండు గంటలే మేలనేవాళ్లు మూడు కారణాలు చెబుతారు. మనుషులు తక్కువ పడతారు, ఒంటినిండా తొడుక్కునే రక్షణ కిట్లు (పీపీఈ) మిగులుతాయి, చీమకుర్తి నుంచో సింగరాయకొండ నుంచో రోజూ వచ్చిపోయే తిప్పలు తగ్గుతాయి. మూడోది నిజం. మొదటి రెండూ లెక్కకు నిలబడవు.

వార్డులో ఎప్పుడూ నలుగురు నర్సులు ఉండాలనుకుందాం. ఆరు గంటల చొప్పున వారానికి 112 డ్యూటీలు. మనిషికి ఆరు, అంటే 36 గంటలు వేస్తే 19 మంది కావాలి. పన్నెండు గంటలైతే 56 డ్యూటీలు. మనిషికి మూడు, అవే 36 గంటలు వేసినా మళ్లీ 19 మందే. పది మందితో నెట్టుకొచ్చారంటే ఒక్కొక్కరి చేత వారానికి 67 గంటలు చేయించారన్నమాట. మిగిలింది మనుషులు కాదు, వాళ్ల నిద్ర.

కిట్ల సంగతీ అంతే. ఆరు గంటల పద్ధతిలో రోజుకు 16. పన్నెండు గంటలు ఏకబిగిన కిట్టులో ఎవరూ ఉండలేరు. నీళ్లకీ బాత్‌రూముకీ మధ్యలో ఒకసారి విప్పాల్సిందే. ఎనిమిది మందికి రెండేసి చొప్పున అవీ 16. రోహిణి కార్తెలో ఏసీ లేని వార్డయితే ఆరు గంటలే ఎక్కువ, నాలుగు గంటలకోసారి మార్చాలి. చెమటకు తడిసిన ఎన్‌95లో ఊపిరి ఆడదు, చేయి దానంతటదే మాస్కు మీదికి పోతుంది. బాత్‌రూముకు భయపడి నీళ్లు మానేస్తే తలనొప్పి, మూత్రంలో మంట.

నా లెక్కలో అసలు తేల్చేది కిట్టు విప్పే ఘడియ. అంటుకునే ప్రమాదం రోగి పక్కనే కాదు, విప్పే గదిలోనూ ఉంది. బయటి గ్లోవ్స్, కవరాల్ (ఒళ్లంతా కప్పే సూటు), గాగుల్స్ వరసగా తీయాలి. కవరాల్‌ను లోపలివైపు బయటికి వచ్చేలా చుట్టుకుంటూ దించాలి. ప్రతి మెట్టు తర్వాతా చేతులకు శానిటైజర్ రాయాలి. మాస్కు చివర్లో, గది దాటాకే: ముందు కింది పట్టీ, తర్వాత పైది, ముందుభాగం ముట్టకుండా. తొందరపడకుండా చేయాల్సిన పని. ఎన్నిసార్లు విప్పుతారన్నది రెండు పద్ధతుల్లోనూ ఒకటే. తేడా ఏమిటంటే, పన్నెండు గంటల డ్యూటీలో రెండోసారి విప్పేది అలసిన చేతులు. మెట్లు దాటేసేది, గాగుల్స్ తీసి కళ్లు రుద్దుకునేది అప్పుడే. అందుకే నా మొగ్గు ఆరు గంటలకే. విప్పేటప్పుడు మరొకరు ఎదురుగా నిలబడి వరస పైకి చదవాలి, అది ఏ పద్ధతికైనా తప్పదు.

పన్నెండు గంటల పద్ధతికి ఒక బలం ఉంది: రోగిని ఒకే కన్ను ఎక్కువసేపు చూస్తుంది. ఆరు గంటల్లో రోజుకు నాలుగు అప్పగింతలు, ప్రతిసారీ ఏదో ఒకటి జారిపోయే వీలుంది. వార్డు గోడకు తెల్లబోర్డు పెట్టి బెడ్ నంబరు, ఆక్సిజన్ లీటర్లు, సాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం), తర్వాతి మందు వేళ రాయాలి. వార్డులోని కాగితం బయటికి రాకూడదు. అప్పగింతకు అరగంట చార్టులోనే కలపాలి.

ఎనిమిది గంటలు మామూలు వార్డుకు సరే. ఇక్కడ మధ్యలో విప్పక తప్పదు కాబట్టి కిట్లు 24 అవుతాయి. వారం పని, వారం సెలవు అనే పద్ధతి రెట్టింపు మనుషులున్నచోటే కుదురుతుంది.

ఆరు గంటలతో అసలు చిక్కు రాత్రి రెండింటి మార్పు. ఆ వేళ ఆడపిల్లలను బస్టాండులో నిలబెట్టలేం. రాత్రి ఎనిమిదికే రెండు జట్లనూ రప్పించి, ఒక జట్టు రెండు దాకా, రెండోది ఉదయం ఎనిమిది దాకా వార్డులో ఉండాలి. పనిలో లేని జట్టుకు వార్డుకు దూరంగా గడియ ఉన్న గది, ఎడంగా మంచాలు, కిటికీలు, తాగునీళ్లు, విడి బాత్‌రూము కావాలి. ఆ గది ఇవ్వలేని ఆసుపత్రి రాత్రిపూట మాత్రం పన్నెండు గంటలే వేసుకుని, నడుమ కిట్టు విప్పి గంటసేపు విశ్రాంతినివ్వాలి, ఆ గంటకు బదులు మనిషిని చార్టులో పేరుతో సహా రాసిపెట్టాలి. నిద్ర పట్టకపోయినా, ఊరికే ఏడుపొస్తున్నా మాట్లాడటానికి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఉంది, ఆ నంబరు విశ్రాంతి గది తలుపు లోపలివైపు అంటించాలి.