ఆరేళ్లుగా నాతో చీకట్లో తిరుగుతున్న నికాన్ డి750

ఈ కెమెరాను 2019లో తోలుబొమ్మలాట కోసం కొన్నాను. తోలుబొమ్మల ఊరు నిమ్మలకుంట మాకు దగ్గరే. ఆట మొదలైతే తెర వెనక దీపం, తెర ముందంతా చీకటి, పైగా బొమ్మ క్షణం నిలవదు. అప్పట్లో నా చేతిలో ఉన్నది నికాన్‌దే చిన్న సెన్సర్ కెమెరా డి5300, దాంతో వచ్చిన 18-55 కిట్ లెన్స్. ఏ ఫొటో చూసినా హనుమంతుడికి నాలుగు తోకలు. వెలుతురును పట్టే సెన్సర్ పెద్దదైతే సరిపోతుందనుకుని, సెకండ్ హ్యాండ్‌లో డి750, దాంతోపాటు 85 ఎం.ఎం. ఎఫ్/1.8 లెన్స్ తీసుకున్నాను. ఫొటోలు అద్భుతంగా వచ్చాయి. క్రెడిట్ అంతా బాడీకే, అంటే లెన్స్ కాకుండా మిగిలిన కెమెరాకే, ఇచ్చేశాను.

ఏడాది తర్వాత ఎందుకో అదే 85ని పాత బాడీకి తగిలించి తీశాను. తోక ఒకటే వచ్చింది! అప్పుడు కూర్చుని లెక్క వేశాను. పాత సెన్సర్ 23.5×15.6 మి.మీ., కొత్తది 36×24 మి.మీ. అంటే విస్తీర్ణం దాదాపు 2.4 రెట్లు, కలిసొచ్చేది ఒక స్టాప్ (వెలుతురు రెట్టింపైతే ఒక స్టాప్) కంటే కాస్త ఎక్కువ. అదే కిట్ లెన్స్ ఎఫ్/5.6 నుంచి ఈ 85 ఎఫ్/1.8కి వస్తే (ఎఫ్ అంకె తగ్గేకొద్దీ లెన్స్ రంధ్రం పెద్దది) పడే వెలుతురు దాదాపు పది రెట్లు, మూడు స్టాపుల పైమాటే. ముందు లెన్స్ కొనుంటే బాడీ సంగతి నిదానంగా చూసుకునేవాణ్ణి.

అలాగని బాడీ దండగ కాలేదు. దీని ఫోకస్ మైనస్ 3 ఈవీ (వెలుతురు కొలత) దాకా, అంటే ఇంచుమించు పున్నమి వెన్నెలలో కూడా, పట్టేలా చేశారు. మొత్తం 51 ఫోకస్ పాయింట్లున్నా అన్నీ ఫ్రేము మధ్యలోనే గుమిగూడి ఉంటాయి. వాటిలో క్రాస్ టైప్‌వి, అంటే నిలువు, అడ్డ గీతలు రెండింటినీ పట్టేవి, నడిమి 15. చీకట్లో నేను వాడేవి ఇవే. బొమ్మకు నగల కోసం పొడిచిన చిల్లుల మీద పాయింట్ పెడితే ఇట్టే పట్టుకుంటుంది, నున్నటి తోలు మీద పెడితే వెతుకుతూ ఉంటుంది.

మీటరింగ్, అంటే కెమెరా వెలుతురు కొలిచే తీరు, అలవాటు కావడానికి మాత్రం ఒక సీజన్ పట్టింది. చుట్టూ నలుపే కాబట్టి ఫ్రేమంతా చూసి కొలిచే మామూలు మ్యాట్రిక్స్‌లో తెర తెల్లగా కాలిపోయేది. వెలుగు ఎక్కువున్న చోటును కాపాడే హైలైట్ వెయిటెడ్‌కి మార్చాక రంగులు నిలిచాయి. వెనక స్క్రీన్ చూసి ఎక్స్‌పోజర్ నిర్ణయించకండి, చీకట్లో అన్నీ వెలిగిపోతున్నట్టే కనిపిస్తాయి. ఫొటోలో వెలుగునీడలు ఎంతెంతో చూపే గ్రాఫ్, హిస్టోగ్రామ్, చూడాలి.

ఐఎస్ఓ, అంటే వెలుతురుకు కెమెరా స్పందన ఎంత పెంచామన్న అంకె, దాని గురించే అందరూ అడుగుతారు. 3200 వరకు ఆలోచించను. రా ఫైల్ (కెమెరా కుదించని ముడి ఫొటో) అయితే 6400 కూడా ప్రింటుకు పనికొస్తుంది. 12800లో నలుపు గరుకుగా తేలుతుంది. ఫోన్‌లో చూసుకోవడానికి చాలు.

మా అక్కను హన్మకొండలో ఇచ్చారు. అక్కడ బతుకమ్మ తీయబోతే కొత్త చిక్కు వచ్చింది, ఎల్‌ఈడీ లైట్లు. మన కరెంటు 50 హెర్ట్జ్, చౌక లైట్లు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. షట్టర్ వేగం 1/500 సెకనులో తీస్తే ఒక ఫొటో వెలుగ్గా, మరొకటి మసగ్గా, కొన్నింటికి అడ్డంగా నల్ల చారలు. 1/100కి దించితే సర్దుకుంది. చప్పట్లు కొట్టే చేతులు కొంచెం చెదిరినా నాకైతే అదే బాగుంది.

బ్యాటరీతో కలిపి బాడీ బరువు 840 గ్రాములు. 85 తగిలిస్తే కిలో దాటుతుంది, తెల్లారేసరికి మెడ పట్టేస్తుంది. బ్యాటరీ మాత్రం రాత్రంతా ఒక్కటే చాలు. అద్దం టపటపలాడే చప్పుడు డీఎస్‌ఎల్‌ఆర్‌లన్నింటికీ ఉన్నదే. నాటకాల హాల్లో ముందు వరుస పెద్దవాళ్లు వెనక్కి తిరిగి చూస్తారు. క్వైట్ మోడ్ పెట్టినా చూస్తారు.

పాతది కొనేవాళ్లకు ఒక మాట. షట్టర్ 1.5 లక్షల క్లిక్‌లకు పరీక్షించినది. నాకు అమ్మినాయన 20 వేలే తిరిగిందన్నాడు. ఒక ఫొటో తీసి అందులోని సమాచారం చూస్తే 68 వేలు. అది చూపించాకే ధర దిగింది.

ఇప్పుడు కొత్తగా కొంటే అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరానే తీసుకుంటాను. చప్పుడుండదు, ఎక్స్‌పోజర్ ముందే కళ్లకు కనిపిస్తుంది. ఇప్పటికే ఏదో ఒక బాడీ ఉంటే మాత్రం ఎవరి దగ్గరైనా 50 ఎం.ఎం. ఎఫ్/1.8 అడిగి తెచ్చుకుని ఒక రాత్రి తీసి చూడండి, ఆ తర్వాతే షాపుకి వెళ్లండి.