డెల్టా ఎయిర్‌లైన్స్: పత్తి మందు కొట్టిన కంపెనీ, పెద్దవాళ్ల ప్రయాణం

అట్లాంటాలో పిల్లలున్నవాళ్లు డెల్టా ఎక్కొచ్చా అని వనస్థలిపురంలో మా వాకింగ్ బ్యాచ్ అడుగుతూనే ఉంటుంది. ఎక్కొచ్చు. కాకపోతే శంషాబాద్‌లో డెల్టా విమానం కోసం వెతక్కండి, రాదు. ఆమ్‌స్టర్‌డామ్ దాకా నెదర్లాండ్స్ వాళ్ల కేఎల్‌ఎం విమానం, అక్కణ్ణుంచి డెల్టా. రెండూ భాగస్వాములు కాబట్టి టికెట్ ఒకటే, ఇక్కడ వేసిన పెట్టెలు అట్లాంటాలోనే తీసుకోవడం. కేఎల్‌ఎం 2025 సెప్టెంబరులో హైదరాబాద్‌కి రావడం మొదలెట్టాక ఈ దారి తేలికైంది.

మాకు పడింది ఎయిర్‌బస్ ఏ330 విమానం. ఎకానమీలో సీట్లు 2-4-2. కిటికీ వైపు రెండే సీట్లు, అంటే భార్యాభర్తల పక్కన మూడో మనిషి ఉండడు. మోకాళ్ల నొప్పితో మా ఆవిడ ఎన్నిసార్లు లేచినా జరగాల్సింది నేనొక్కణ్ణే. సగం మార్కులు దీనికే వేసేశా. అయితే బేసిక్ టికెట్ కొంటే సీటు ఉచితంగా ముందే ఎంచుకోనివ్వరు. చవగ్గా వస్తోందని పిల్లలు అదే బుక్ చేస్తారు, జాగ్రత్త.

భోజనం గురించి చెప్పడానికి పెద్దగా ఏం లేదు. ఒక్కటి మాత్రం: శాకాహారులు 'హిందూ మీల్' నొక్కకండి, అందులో కోడో మేకో ఉండొచ్చు. 'ఏషియన్ వెజిటేరియన్' అని ఉంటుంది, అది పెట్టుకోవాలి, అదీ ఒక రోజు ముందే. బిస్కాఫ్ బిస్కెట్లు మాత్రం అడిగితే ఇంకో రెండిస్తారు.

ఈ కంపెనీ మీద నాకు పక్షపాతం ఉందని ఇక్కడే చెప్పేస్తున్నా. ఉద్యోగమంతా వరంగల్ వైపు వ్యవసాయాధికారిగా పత్తి చేలల్లో గడిపినవాణ్ణి. డెల్టా పుట్టింది పత్తి చేనులోనే. మెక్సికో నుంచి అమెరికాలోకి దిగిన బోల్ వీవిల్ అనే పత్తి పురుగు అక్కడి రైతుల్ని ముంచేసింది. మన గులాబీ రంగు పురుగు కాదిది, ముక్కుపురుగు జాతి. దాని మీద విమానంలోంచి కాల్షియం ఆర్సినేట్ పొడి చల్లడానికి 1924లో జార్జియాలోని మేకన్‌లో హఫ్ డాలండ్ డస్టర్స్ అనే కంపెనీ పెట్టారు. మరుసటేడు లూసియానాలోని మన్రోకి మారింది. అప్పుడే అందులో చేరిన సి.ఇ. వుల్మన్ ఎవరనుకున్నారు? లూసియానా స్టేట్ యూనివర్సిటీ తరఫున రైతులకి సాగు పాఠాలు చెప్పే విస్తరణాధికారి. అంటే మా డిపార్ట్‌మెంటు మనిషే! అక్కడ సీజను అయిపోతే విమానాలు పెరూ పత్తికి మందు కొట్టడానికి పోయేవి. 1928లో వుల్మన్ వాళ్లు కంపెనీని కొనేసి, మిసిసిపీ డెల్టా పేరు పెట్టారు. 1929 జూన్‌లో డల్లాస్ నుంచి జాక్సన్‌కి మొదటిసారి ప్రయాణికుల్ని ఎక్కించుకున్నారు. జెట్లు కొన్నాక కూడా మందు కొట్టే విభాగాన్ని 1966 దాకా మూసెయ్యలేదు. మా ఆఫీసులో స్ప్రేయర్‌కి వాషర్ శాంక్షన్ చేయించడానికే తాతలు దిగొచ్చేవారు!

అట్లాంటా ఎయిర్‌పోర్టు పక్కనే, 1940ల నాటి హ్యాంగర్లలో వాళ్ల మ్యూజియం ఉంది. పిల్లలు బోయింగ్ 747 విమానం రెక్క మీదికి నడిపించారు. నేను ఎక్కువసేపు నిలబడింది మాత్రం 'స్పిరిట్ ఆఫ్ డెల్టా' అనే 767 దగ్గర. 1982లో కంపెనీ కష్టంలో ఉంటే ముగ్గురు ఎయిర్‌హోస్టెస్‌లు చందాలు మొదలుపెట్టారట. ఉద్యోగులంతా జీతాల్లోంచి కోయించుకుని, 3 కోట్ల డాలర్లు పోగేసి కొనిచ్చిన విమానమది. అయినా 2005లో దివాలా కోర్టుకెక్కక తప్పలేదు. 2007లో బయటపడి, మరుసటేడే నార్త్‌వెస్ట్ అనే ఇంకో విమాన కంపెనీని కలిపేసుకుంది. 2012లో ఏకంగా పెన్సిల్వేనియాలో చమురు శుద్ధి కర్మాగారం కొంది. రైతు ట్రాక్టర్ కోసం పెట్రోల్ బంకు కొన్నట్టుంది నాకు.

లోపాలు లేవని కాదు. 2024 జులైలో ప్రపంచమంతా కంప్యూటర్లు పడుకున్నప్పుడు మిగతా కంపెనీలు త్వరగానే తేరుకున్నాయి. డెల్టాకి మాత్రం ఏ సిబ్బంది ఎక్కడున్నారో చూపే సాఫ్ట్‌వేర్ చాలా రోజులు దారికి రాలేదు. దాదాపు 7,000 విమానాలు రద్దు చేసుకుంది. అమెరికా లోపల్లోపల తిరగడానికి విడిగా టికెట్ కొంటే మొదటి పెట్టెకీ డబ్బే. 2024లో అది 35 డాలర్లకి పెంచారు.

వీల్‌చైర్ టికెట్‌తోనే రాయించుకోండి, సిగ్గుపడక్కర్లేదు. ఆమ్‌స్టర్‌డామ్‌లో గేట్లు మైళ్ల దూరంలో ఉన్నట్టుంటాయి, కాబట్టి రెండు విమానాల మధ్య కనీసం మూడు గంటలైనా ఉండే టికెట్ తీసుకోవాలి. ఆవకాయ చేతిసంచిలో వద్దు, చెక్-ఇన్ పెట్టెలో పెట్టండి. అట్లాంటాలో దిగి ఇంకో ఊరికి పోవాలంటే కస్టమ్స్ దగ్గర పెట్టెలు తీసుకుని మళ్లీ వెయ్యాలి. అది మన వయసువాళ్లకి కష్టం. అందుకే డల్లాస్‌లో పిల్లలున్నవాళ్లకి నేను డెల్టా చెప్పను. దోహా మీదుగా ఖతార్ విమానం నేరుగా డల్లాస్‌లోనే దింపుతుంది, అందులో పొండి.