వేగ్, యాంబిగ్యువస్, ఆబ్లీక్: ఏ తికమకకు ఏ మాట మేలు?

మూడేళ్ళ కిందట అమ్మ కంటి ఆపరేషన్ బిల్లు గురించి ఒక బీమా కంపెనీకి ఇంగ్లీషులో ఉత్తరం రాయాల్సి వచ్చింది. శుక్లాల ఆపరేషన్‌కి డబ్బివ్వాలంటే పాలసీ మొదలైన తేదీ నుంచి రెండేళ్ళు నిండాలని షరతు. మేం పాలసీ తీసుకుని అప్పటికి నాలుగేళ్ళయింది. కాకపోతే మధ్యలో ఏజెంటు మాట విని ప్లాన్ మార్చాం. వాళ్ళు కొత్త ప్లాన్ తేదీ నుంచి లెక్కేసి, ఇంకా తొమ్మిది నెలలు తక్కువని క్లెయిమ్ తిప్పి పంపేశారు. కోపం మీద నేను "మీ షరతు చాలా వేగ్‌గా ఉంది" అని రాసి పారేశాను. వారం తిరక్కుండా జవాబు వచ్చింది. షరతులో జబ్బు పేరుంది, గడువుంది, ఎప్పటినుంచి లెక్కో ఉంది, ఇందులో వేగ్‌గా ఉన్నదేమిటి అని. నిజం చెప్పొద్దూ, మాట వరకు వాళ్ళదే కరెక్టు.

మా కింది వాటాలో రిటైరైన వకీలుగారు ఒకరుంటారు. రెండు ఉత్తరాలూ చదివి, "మీరు రాయాల్సిన మాట ఇది కాదండీ. యాంబిగ్యువస్ అని రాయండి. రాసి ఊరుకోకండి, ఆ వాక్యానికి వచ్చే అర్థాలు రెండూ ఒకదాని కింద ఒకటి పెట్టండి" అన్నారు. అప్పటిదాకా నా దృష్టిలో ఆ రెండు మాటలూ ఒకటే. స్కూల్లో డిక్షనరీ తీస్తే దేనికైనా "అస్పష్టమైన" అనే ఉండేది. అసలు చిక్కంతా అక్కడే ఉంది. ఇంగ్లీషులో పది రకాల తికమకలకు పది మాటలుంటే, మన డిక్షనరీలు అన్నిటికీ ఆ ఒక్క మాటే కట్టబెట్టాయి.

వేగ్ అనే మాట లాటిన్ నుంచి వచ్చింది, మూలార్థం తిరుగుబోతు అని. (తెలుగులో రాస్తే వేగంలా కనిపిస్తుంది గానీ దానికీ దీనికీ ఏ చుట్టరికమూ లేదు.) ఇంగ్లీషులో దేశదిమ్మరిని వేగబాండ్ అంటారే, అదీ ఈ మూలం నుంచే. తల నుంచి బయల్దేరి గొంతు, గుండె, పొట్ట అన్నీ చుట్టబెట్టే పదో కపాల నాడికి డాక్టర్లు వేగస్ అని పేరు పెట్టింది కూడా అందుకే. కాబట్టి ఒక చోట నిలబడని మాట, అంచులు లేని మాట వేగ్. "త్వరలో చేస్తాం", "సముచిత చర్యలు తీసుకుంటాం", "చూద్దాంలే" అన్నీ ఈ కోవలోవే. వీటికి ఎన్ని అర్థాలున్నాయో లెక్కపెట్టలేం.

యాంబిగ్యువస్‌లో ఉన్నది రెండు వైపులా తోలడం. ఒకే బండిని ఇటూ తోలొచ్చు, అటూ తోలొచ్చు. ఇక్కడ అర్థాలను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, మామూలుగా రెండే ఉంటాయి, ఏ అర్థానికి ఆ అర్థం స్పష్టంగానే ఉంటుంది. తెలుగులో "పాత పుస్తకాల షాపు" అనండి. పుస్తకాలు పాతవా, షాపు పాతదా? అమ్మ పాలసీలో "పాలసీ మొదలైన తేదీ" సరిగ్గా అలాంటిదే. మొదట తీసుకున్న పాలసీయా, మార్చిన ప్లానా?

చదవడానికి చిన్న తేడాలా ఉంటుంది గానీ కోర్టు గుమ్మం దగ్గర ఇది చాలా పెద్దది. బీమా పత్రంలో రెండర్థాలు వచ్చే చోట, దాన్ని రాసిన కంపెనీకి వ్యతిరేకంగా అర్థం చెప్పాలని మన సుప్రీంకోర్టు 1966లోనే అంది. రాసేవాడి చేతిలో కలం ఉంది, సూటిగా రాసుకోకపోవడం వాడి తప్పు అన్నది అందులోని న్యాయం. వేగ్ అంటూ గోల పెడితే ఈ సూత్రం మన దగ్గరికి రాదు. రెండర్థాలు చూపించగలిగితే వస్తుంది.

అలాగని వేగ్ పనికిమాలిన మాటేం కాదు. దాని గురి వేరు. ఐటీ (సమాచార సాంకేతిక) చట్టంలో 66ఎ సెక్షన్ గుర్తుండే ఉంటుంది. "చికాకు", "అసౌకర్యం" కలిగించే పోస్టు పెడితే జైలే. ఎవరికి చికాకు, ఎంత చికాకు? 2015 మార్చి 24న జస్టిస్ జాస్తి చలమేశ్వర్ (మన కృష్ణా జిల్లా మనిషే), జస్టిస్ నారిమన్‌ల ధర్మాసనం ఆ సెక్షన్‌ను కొట్టేసింది. కొట్టేయడానికి చెప్పిన పెద్ద కారణాల్లో ఒకటి ఈ వేగ్‌నెస్సే. ఏది నేరమో, ఏది కాదో జనానికీ తెలియదు, పట్టుకునే పోలీసుకూ తెలియదు. అక్కడ యాంబిగ్యువస్ అని ఉంటే కేసు నీరుగారిపోయేది. ప్రభుత్వం రాసిన రూలు మీద పోట్లాడాలంటే వేగ్, ఒప్పందం మీద పోట్లాడాలంటే యాంబిగ్యువస్ అన్నది నా లెక్క.

రెండర్థాల గొడవలో మన భాష ఒకచోట ఇంగ్లీషు కంటే చాలా నయం. ఆఫీసులో "వి ఆర్ గోయింగ్ ఫర్ లంచ్" అని మెసేజ్ వస్తే మనల్ని కలుపుకున్నట్టా, కలుపుకోనట్టా? తెలుగులో మనం, మేము అని రెండున్నాయి కాబట్టి ఆ పేచీయే రాదు. బైవీక్లీ మీటింగ్ అంటే వారానికి రెండుసార్లా, రెండు వారాలకోసారా అని అమెరికాలో ఉన్న మా బావమరిదిని అడిగితే, "మా మేనేజర్‌కే తెలీదు బావా" అన్నాడు. ఇక శాంక్షన్ అనే మాట చూడండి. లోన్ శాంక్షన్ అయితే స్వీట్లు పంచుతాం. దేశం మీద శాంక్షన్లు పెడితే బ్యాంకులు బిగుసుకుపోతాయి. ఒకే మాట, ఒకచోట మంజూరు, ఇంకోచోట ఆంక్ష.

యాంబిగ్యువస్ పక్కనే ఈక్వివోకల్ అని ఇంకోటుంది. రెండు గొంతులూ సమానంగా వినిపించడం దాని మూలార్థం. ఇందులో కావాలని చేసే వాసన ఎక్కువ. యాంబిగ్యువస్ వాక్యం పొరపాటున కూడా పుడుతుంది. ఈక్వివోకల్ మాట వెనక ఎక్కువసార్లు ఒక మనిషి ఉంటాడు, గోడ మీద పిల్లిలా. ధర్మరాజు "అశ్వత్థామ హతః" అని గట్టిగా అని, "కుంజరః" అని లోగొంతుకలో గొణిగాడు చూడండి, ఈక్వివోకల్‌కి అంతకన్నా ఉదాహరణ దొరకదు. ఎదుటివాడి నిజాయితీ మీద అనుమానం ఉంటేనే ఈ మాట వాడాలి. ఉత్తరంలో పెడితే తగాదా ముదురుతుంది. నేను పెట్టలేదు.

అబ్‌స్క్యూర్, ఒపేక్, క్రిప్టిక్ మూడింటినీ ఒక్క గుక్కలో తేల్చేయొచ్చు. అర్థం ఉంది, ఒకటే ఉంది, మనకే అందడం లేదు. అబ్‌స్క్యూర్ అంటే చీకటి. పాత కాలపు కెమెరా అబ్‌స్క్యూరా అంటే చీకటి గదే. ఒపేక్ అంటే వెలుతురు దూరనిది. టెండరు ఎవరికి ఎలా ఇచ్చారో బయటికి తెలియకపోతే ఆ పద్ధతి ఒపేక్. క్రిప్టిక్‌లో దాచినవాడు ఒకడుంటాడు, విప్పమని మనకే సవాలు విసురుతాడు, పొడుపు కథలాగా. మనవాళ్ళు కవిత్వాన్ని ద్రాక్షాపాకం, కదళీపాకం, నారికేళపాకం అన్నారు కదా. టెంకాయ పగలగొడితే గానీ నీళ్ళు దక్కని ఆ మూడోదాన్ని ఇంగ్లీషువాడికి చెప్పాలంటే నేనైతే అబ్‌స్క్యూర్ అనను, అది తిట్టులా ఉంటుంది. డిఫికల్ట్ అని ఊరుకుంటాను.

ఇప్పుడు నాకిష్టమైన మాట దగ్గరికొద్దాం. ఆబ్లీక్.

మన ఆఫీసుల్లో దీన్ని ఆబ్లిక్ అంటారు, అది ఒక గీత పేరు. "ఫైలు నంబరు బి2 ఆబ్లిక్ 114 ఆబ్లిక్ 2019" అని గుమాస్తా చదువుతుంటే పక్కన కూర్చుని రాసుకున్న రోజులున్నాయి నాకు. కంప్యూటర్లు వచ్చాక కుర్రాళ్ళు దాన్నే స్లాష్ అంటున్నారు, ఇంటి నంబరు దగ్గరికొచ్చేసరికి బై అంటున్నారు. మా ఇల్లు ఏడు బై రెండు. గీత వాలి ఉంటుంది కాబట్టి ఆ పేరు. లాటిన్‌లో ఆ మాటకు ఏటవాలు అనే అర్థం.

తమాషా ఏమిటంటే తెలుగు వ్యాకరణంలోనూ ఈ వాలు ఉంది. ఇల్లు అంటాం గానీ "ఇల్లులో" అనం, "ఇంటిలో" అంటాం. చేయి, చేతితో. ఊరు, ఊరికి. మన వ్యాకరణం ఇ, టి, తి అనే ఔపవిభక్తికాలు అని చెప్పే ఈ రూపాలను ఇంగ్లీషులో తెలుగు వ్యాకరణం రాసేవాళ్ళు ఆబ్లీక్ రూపాలు అంటారు. విభక్తికి లాటిన్‌లో వాడే మాటకు "పడటం" అని అర్థం. ప్రథమావిభక్తి నిటారుగా నిలబడ్డది, మిగతావి పక్కకు వాలినవి అని వాళ్ళ ఊహ. ఇల్లు నిలబడి ఉంది, "ఇంటి" కాస్త ఒరిగింది. నాకీ ఊహ భలే నచ్చుతుంది.

ఇదే వాలు బట్టల్లోకీ వచ్చింది. మా వీధి టైలరమ్మ జాకెట్ గుడ్డను బల్ల మీద పరిచి, ఒక మూలను పట్టుకుని ఐమూలగా మడిచి, ఆ మడత మీద సుద్దతో గీత గీస్తుంది. క్రాస్ కట్ అంటుంది దాన్ని. నిలువు పోగు మీద కత్తిరించిన గుడ్డ లాగితే సాగదు, ఐమూలగా కత్తిరించింది సాగుతుంది, ఒంటికి అతుక్కుంటుంది. ఈ ఐమూల కత్తిరింపుకి ఇంగ్లీషు కుట్టుపనిలో పేరు బయస్. అవును, పేపర్లలో పక్షపాతం అనే అర్థంలో రోజూ కనిపించే ఆ బయసే. వాలు అనే అర్థమే ముందుది, మనసు ఒక వైపు వాలడం తర్వాత వచ్చింది. మన పక్షపాతం మాత్రం ఏమిటి? పక్షం అంటే ఒక వైపు, పాతం అంటే పడటం. ఎక్కడో ఇంగ్లండులో, ఇక్కడ మన దగ్గర ఒకే బొమ్మ గీసుకున్నారు.

పేపర్ వార్త గురించి రాసేటప్పుడు బయస్ మేలా, స్లాంట్ (ఇదీ వాలే) మేలా అని నన్నడిగితే స్లాంట్ అంటాను. స్లాంట్ రాత గురించి చెబుతుంది, చూపించి నిరూపించొచ్చు. బయస్ రాసినవాడి మనసులోకి వెళ్తుంది, దానికి సాక్ష్యం ఎక్కడ తెస్తాం?

మాట విషయంలో ఆబ్లీక్ అంటే పక్కనుంచి వచ్చేది. అర్థం ఒకటే, అవతలివాడికి చక్కగా అందుతుంది, సూటిగా మాత్రం రాదు. ఇండైరెక్ట్ అన్నా తప్పులేదు గానీ, ఇండైరెక్ట్ పన్నులకూ ఇండైరెక్ట్ ఎన్నికలకూ అరిగిపోయింది. డొంకతిరుగుడు అందామంటే అందులో విసుగుంది. ఆబ్లీక్‌లో విసుగు లేదు, వాలుచూపులో ఉన్నంత సొగసుంది. అందుకే దీన్ని కంపెనీ ఉత్తరాల్లో ఎప్పుడూ వాడకూడదు.

ఉత్తరం అంటే గుర్తొచ్చింది. రెండోసారి రాసినప్పుడు వకీలుగారు చెప్పినట్టే చేశాను. కోపం తీసేసి, యాంబిగ్యువస్ అని ఒక్కసారే రాసి, కింద మొదటి అర్థం, రెండో అర్థం, ఒక్కోదానికి ఒక్కో తేదీ పెట్టాను. జవాబుకి ఈసారి నెలన్నర పట్టింది. తర్వాత బిల్లులో ముప్పావు వంతు వచ్చింది. ఒక్క మాట మార్చినందుకే వచ్చిందని బల్ల గుద్ది చెప్పను. జవాబు రాసినావిడ ఈసారి "స్పష్టంగానే ఉంది" అనలేదు, అంతవరకు చెప్పగలను.

వీటన్నిటి మధ్యా తేడా బాగా వంటబట్టిందనే అనుకున్నాను, మొన్న ఆదివారం దాకా. అమ్మ వంటింట్లోంచి "ఒరేయ్, బియ్యం నిండుకున్నాయిరా" అని కేకేసింది. పదో తరగతి చదువుతున్న మావాడు వెళ్ళి డబ్బా మూత తీసి, ఖాళీ డబ్బా పట్టుకుని నా దగ్గరికొచ్చాడు.

"నాన్నా, ఇందులో గింజ లేదు. నానమ్మ నిండాయంటుందేంటి? యాంబిగ్యువసా?"

"కాదురా. రెండర్థాలుంటే నానమ్మకే తెలియాలిగా. ఆవిడకి ఒకటే."

"మరి వేగా?"

"గింజ లేదని అంత కచ్చితంగా చెబితే వేగ్ ఎలా అవుతుంది? అయిపోయాయి అనడం ఇష్టం లేక పక్కనుంచి చెప్పింది. దీపం ఆరింది అనకుండా కొండెక్కింది అంటుంది చూడు, అలాగ. ఆబ్లీక్ అంటారు దాన్ని."

వాడు డబ్బా చంకలో పెట్టుకుని కాసేపు ఆలోచించాడు.

"అంటే మనింటి నంబర్లో గీతా?"