సోండ్‌హబ్ ప్రిడిక్టర్: బెలూన్ ఏడ పడ్తదో చెప్పే సైట్, ఏడాది వాడినంక నా మాట

మాది నల్లగొండ. ఇంట్ల ఎవ్వరం బెలూన్ ఎగరేసినోళ్లం కాదు. కానీ పేపర్ల అప్పుడప్పుడు టీఐఎఫ్ఆర్ (టాటా సైన్స్ పరిశోధన సంస్థ) వాళ్ల ప్రకటన పడ్తది చూడుండ్రి, హైదరాబాద్ నుంచి పెద్ద బెలూన్లు వదుల్తున్నం, పారాచూట్‌తోని పరికరాలు పొలాలల్ల పడొచ్చు, ముట్టకుండ పోలీసులకు చెప్పుండ్రి అని. అది చదివినప్పటి సంది నాకు ఒక్కటే ప్రశ్న, ఆడ వదిలింది ఇంత దూరం ఎట్లొస్తది? వెతుకుతుంటే ఈ సైట్ దొరికింది.

పైసా కట్టేది లేదు. మ్యాప్ మీద చోటు, వదిలే టైము, ఎక్కే స్పీడు, ఎంత ఎత్తుల పగుల్తది, దిగే స్పీడు ఇస్తే చాలు, అమెరికా వాళ్ల జీఎఫ్ఎస్ అనే వాతావరణ అంచనా లెక్కల నుంచి ఒక్కో ఎత్తుల గాలి తీస్కొని గీత గీసి చూపిస్తది. మొదలు దీన్ని కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ స్టూడెంట్లు చేసిన్రు.

నాకు బాగా పట్టుకున్నది వానకాలం గీత. బేగంపేట మీద పిన్ను పెట్టి, సెకనుకు 5 మీటర్లు ఎక్కుడు, 30 కిలోమీటర్ల కాడ పగులుడు అని ఇచ్చిన. ఎక్కెతందుకే 100 నిమిషాలు. గీత ముందు ఉప్పల్ దిక్కు పోయింది, సరే మా దిక్కే వస్తుంది అనుకున్న, అంతల్నే మర్లబడి చేవెళ్ల, వికారాబాద్ దిక్కు పోయింది! లెక్కేస్తే అర్థమైంది. కింద ఆరు కిలోమీటర్ల దాక పడమటి గాలి, సెకనుకు 10 మీటర్లనుకుంటే 1200 సెకన్లల్ల 12 కిలోమీటర్లు తూర్పుకు కొడ్తది. పైన 10 నుంచి 18 కిలోమీటర్ల దాక తూర్పు గాలి, 25 మీటర్లనుకున్నా 40 కిలోమీటర్లు వెనక్కి గుంజుతది. ఆ పైగాలినే వాతావరణ శాస్త్రవేత్త కోటేశ్వరం గారు 1958ల రాసిన్రు, ట్రాపికల్ ఈస్టర్లీ జెట్ అంటరు. చలికాలంల పైన పడమటి గాలి ఉంటది, అప్పుడు గీత ఎక్కువ మా దిక్కు, సూర్యాపేట దిక్కు వచ్చేది. సంక్రాంతికి పతంగి ఎగరేస్తే మనకు తెల్సేది వంద మీటర్ల గాలే, దాని మీద ఇన్ని గాళ్లు ఒకదాని మీద ఒకటి ఉంటయని నాకు ఇన్నేండ్లు తెల్వదు.

దిగే స్పీడు మాత్రం సోచాయించి ఇయ్యాలె. వడ్లు తూర్పార పట్టినప్పుడు గింజ కాళ్ల కాడ పడ్తది, పొల్లు దూరం పోతది, ఇదీ గట్లనే, పారాచూట్ పెద్దగుంటే గాలిల ఎక్కువసేపు ఉండి ఇంకింత కొట్టుకపోతది. పైన గాలి పల్సగ ఉంటది కాబట్టి అక్కడ దబ్బున దిగి, కిందికొస్తున్న కొద్ది నెమ్మదైతది, ఇది సైటే లెక్క చేస్కుంటది, మనం నేల కాడి స్పీడు ఇస్తే సరిపోతది.

జాగ్రత్త ఒకటి. ఎండకాలం సాయంత్రం లేచే గాలిదుమారం, ఉరుముల మబ్బు అసొంటి చిన్నయి జీఎఫ్ఎస్ భూమిని కోసి లెక్కేసే పెద్ద పెద్ద గళ్లల్ల కనవడయి, అసొంటి రోజు గీతను నమ్మొద్దు. నాలుగు రోజుల ముందు చూసింది కూడ పక్కా అనుకోవద్దు, ఆరు గంటలకోసారి కొత్త లెక్కలొస్తయి, వదిలే పొద్దున మల్ల చూడాలె. ఇంక నిజంగ ఎగరేయాలంటే పర్మిషన్లు తప్పనిసరి, దాంట్ల మాట లేదు.

బడి పిల్లలకు సైన్స్ చెప్పే సార్లు, మేడమ్‌లు ఒక్కసారన్నా మా నల్లగొండ గడియారం సెంటర్ మీద పిన్ను పెట్టి చూపియ్యుండ్రి, మా అక్క బిడ్డ గంటసేపు ఇడ్సిపెట్టలే. నేనైతే పగిలే ఎత్తు 27, 30, 33 పెట్టి మూడు గీతలు తీస్త, మూడు పడే చోట్లు కలిపితే వచ్చే జాగల్నే వెతకాలె అని ఆమెకు చెప్తున్న.